లోరా మూగబోతే ముందు బల్ల మీదే వెతకండి

పొలంలో బోరు దగ్గర ఒక నానో బోర్డు (చిన్న ఆర్డుయినో బోర్డు), ఇంటి డాబా మీద ఇంకొకటి, మధ్యలో రెండు కిలోమీటర్లు. అమ్మినవాళ్లు పది కిలోమీటర్లు పోతుందన్న లోరా మాడ్యూల్ (చిన్న సందేశాలను దూరానికి పంపే రేడియో) తీరా చూస్తే వీధి చివరికి కూడా పోదు. అప్పుడు ఎక్కువమంది చేసే మొదటి పని పెద్ద యాంటెన్నా కొనడం. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. లోపం చాలాసార్లు మాడ్యూల్‌కి రెండంగుళాల లోపే ఉంటుంది.

వైరు కలపకముందే మాడ్యూల్ ఏ బ్యాండుదో చూసుకోవాలి. మన దేశంలో ఇలాంటి పనులకు లైసెన్సు లేకుండా వాడుకునే బ్యాండు 865 నుంచి 868 మెగాహెర్ట్జ్. బజారులో చవగ్గా దొరికే రా-02 మాత్రం 433 రకం. 433 దగ్గర అనుమతించే పవర్ బాగా తక్కువ. పైగా రా-02కి ప్రోగ్రాములో 866 అని రాస్తే లైబ్రరీ (రేడియోని నడిపే రెడీమేడ్ కోడు) కిక్కురుమనదు, అంతా బాగుందనే చెబుతుంది. దానిలోని ఫిల్టర్లు 433 కోసం చేసినవి కాబట్టి బయటికొచ్చే సిగ్నల్ మాత్రం నామమాత్రమే. 866 కావాలంటే ఆర్ఎఫ్ఎం95 లాంటి మాడ్యూల్ తీసుకోండి.

తర్వాత చూడాల్సింది కరెంటు. ఈ మాడ్యూళ్లలో ఉండే ఎస్ఎక్స్1276, 1278 రేడియో చిప్పులు వింటున్నప్పుడు 10, 12 మిల్లీఆంప్స్‌తో సరిపెట్టుకుంటాయి. 20 డీబీఎం (రేడియో పవర్ కొలత) పవర్‌తో పంపేటప్పుడు 120 మిల్లీఆంప్స్ లాగుతాయి. ఊనో బోర్డు 3.3 వోల్టుల పిన్ ఇచ్చేది 50 మాత్రమే. చవక నానోల్లో ఆ 3.3 వోల్టులు యూఎస్‌బీ చిప్పు లోపలి నుంచి వస్తాయి కాబట్టి ఇంకా తక్కువ. అందుకే రిసీవర్ చక్కగా మొదలవుతుంది, పంపేవైపు బోర్డు మొదటి ప్యాకెట్ దగ్గరే ఆగిపోతుంది లేదా మళ్లీమళ్లీ రీసెట్ అవుతుంది. 3.3 వోల్టుల రెగ్యులేటర్ విడిగా పెట్టి, మాడ్యూల్ కాళ్ల దగ్గరే 100 మైక్రోఫారడ్, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు వేయండి. గ్రౌండ్లు రెండూ కలపడం మరవకండి. లోపం ఇదేనా అని తేల్చుకోవడానికి సులువైన దారి పవర్‌ని 7 డీబీఎంకి తగ్గించి చూడటం. అప్పుడు ప్యాకెట్లు వెళ్తే తప్పు సప్లైదే.

5 వోల్టుల బోర్డుతో ఇంకో చిక్కుంది. ఈ చిప్పుల పిన్నులు 5 వోల్టులకు తట్టుకోవు. నేరుగా కలిపినా కొన్నాళ్లు పనిచేస్తుంది, అదే మోసం. చాలామంది 5 వోల్టులను 3.3కి మార్చే నాలుగు దారుల లెవెల్ షిఫ్టర్ పెడతారు. చిన్న మాస్‌ఫెట్‌కి 10 కిలో ఓమ్స్ పుల్-అప్ ఉండే ఆ రకం నెమ్మదైనది. ఆర్డుయినో లోరా లైబ్రరీ ఎస్‌పీఐని (బోర్డూ చిప్పూ మాట్లాడుకునే వైర్ల వరస) 8 మెగాహెర్ట్జ్‌తో నడుపుతుంది, ఆ వేగానికి షిఫ్టర్ అంచులు పైకి లేచేలోగా బిట్ దాటిపోతుంది. వేగాన్ని 1 మెగాహెర్ట్జ్‌కి తగ్గించండి. లేదా షిఫ్టర్ తీసేసి బోర్డు నుంచి చిప్పుకి వెళ్లే క్లాక్, మోసి, ఎన్ఎస్ఎస్, రీసెట్ వైర్లకు 1 కిలో ఓమ్, 2 కిలో ఓమ్ రెసిస్టర్ల జత వేస్తే 5 కాస్తా 3.3 అవుతుంది. చిప్పు నుంచి బోర్డుకి వచ్చే మిసోకి ఏమీ అక్కర్లేదు, ఆ 3.3ని బోర్డులోని ఏవీఆర్ చిప్పు ఒకటిగానే చదువుకుంటుంది.

వైర్లు సరిగ్గా ఉన్నాయో లేదో చిప్పునే అడగొచ్చు. హెక్స్ 42 రిజిస్టర్ చదివితే హెక్స్ 12 రావాలి. 00 గానీ ఎఫ్ఎఫ్ గానీ వస్తే చిప్పు మాట మీ బోర్డుకి చేరడం లేదు: మిసో ఊడిందో, ఎన్ఎస్ఎస్ వేరే పిన్నుకి పోయిందో, రీసెట్ వైరు సున్నా వోల్టుల దగ్గరే ఉండిపోయిందో. లైబ్రరీ మొదట్లోనే ఫెయిలైందని చెప్పేది ఈ అంకె చూసే. ఈఎస్‌పీ32 చిప్పుతో వచ్చే లోరా బోర్డుల్లో ఎస్‌పీఐ పిన్నులు మామూలు చోట ఉండవు, ప్రోగ్రాములో ముందుగా వాటిని చెప్పాలి. ఎస్ఎక్స్1262 అనే రేడియో చిప్పు కథ వేరు. దానికి బిజీ అనే వైరు ఒకటి అదనం, దాన్ని కలపకుండా పాత ప్రోగ్రామే ఎక్కించి తలపట్టుకునేవాళ్లు ఎందరో.

రెండు మాడ్యూళ్లూ బాగానే మొదలయ్యాయి, అయినా ఒకదాని మాట ఒకటి వినదు. రెండు వైపులా ఒకే లైబ్రరీ ఉందా? ఆర్డుయినో లోరా లైబ్రరీ ఏమీ చెప్పకపోతే స్ప్రెడింగ్ ఫ్యాక్టర్ (సిగ్నల్‌ని ఎంత సాగదీయాలో చెప్పే అంకె) 7 తీసుకుంటుంది, రేడియోలిబ్ అనే ఇంకో లైబ్రరీ 9 తీసుకుంటుంది. ఆ రెండూ పక్కపక్కనే ఉన్నా కలవవు. రేడియోహెడ్ లైబ్రరీది ఇంకో తమాషా. అది ప్రతి ప్యాకెట్‌కి ముందు నాలుగు బైట్లు చేరుస్తుంది: ఎవరికి, ఎవరి నుంచి, వరస సంఖ్య, గుర్తులు. ఆర్డుయినో లోరాతో వింటే మీ సందేశానికి ముందు చెత్త అక్షరాలు కనిపించేది అందుకే. తిరగేసి, ఆర్డుయినో లోరాతో పంపి రేడియోహెడ్‌తో వింటే ఇంకా కష్టం. మీ సందేశం ఇంగ్లీషు పెద్ద హెచ్‌తో మొదలైతే, దాని కోడు 72 కాబట్టి, 72వ నంబరు బోర్డుకి వచ్చిన ఉత్తరమనుకుని రేడియోహెడ్ దాన్ని చప్పుడు చేయకుండా పారేస్తుంది. ఫ్రీక్వెన్సీ, బ్యాండ్‌విడ్త్, స్ప్రెడింగ్ ఫ్యాక్టర్, సింక్ వర్డ్ (మన ప్యాకెట్లని గుర్తుపట్టే అంకె) ఈ నాలుగూ రెండు వైపులా చేత్తో రాసుకోండి. డిఫాల్టుల మీద నమ్మకం పెట్టుకోవద్దు.

పది ప్యాకెట్లు పంపితే ఒకటో రెండో అందుతున్నాయంటే దూరం మీద నెపం వేసే ముందు రిసీవర్ ప్రోగ్రాములో డిలే కోసం చూడండి. ఆర్డుయినో లోరాలో పార్స్‌ప్యాకెట్ (ప్యాకెట్ వచ్చిందా అని చూసే ఫంక్షన్) పిలిచిన ప్రతిసారీ చిప్పు సుమారు 100 సింబళ్లసేపే (సింబల్ అంటే లోరా పంపే ఒక్కో స్వరం) చెవి పెడుతుంది. ఫ్యాక్టర్ 7, 125 కిలోహెర్ట్జ్ దగ్గర అది సెకనులో పదో వంతు. లూపులో ఒక సెకను డిలే ఉంటే మిగతా తొమ్మిది వంతులూ చిప్పు చెవిటిదే. డీఎస్18బీ20 ఉష్ణోగ్రత సెన్సర్ కొలత తీయడానికే 750 మిల్లీసెకన్లు ఆపేస్తుంది, అదీ డిలే కిందే లెక్క. ప్యాకెట్ రాగానే చిప్పు కబురు పెట్టే డీఐఓ0 వైరు కలిపి, చిప్పుని ఆగకుండా వినమని చెప్పి, ఇంటరప్ట్‌లో ఒక ఫ్లాగ్ మాత్రం ఎత్తి, ప్యాకెట్‌ని లూపులో చదవడం మంచి పద్ధతి.

ఇప్పుడు యాంటెన్నా. 866కి పావు తరంగం 8.6 సెంటీమీటర్ల చిల్లర, 433కి 17.3 దాకా. వైఫై రౌటర్ల యాంటెన్నాలకు తరచు ఉండే రివర్స్ ఎస్ఎంఏ కనెక్టరు మరలు చక్కగా కూర్చుంటాయి, మధ్య సూదే ఉండదు. రెండు వైపులా బోలుగా ఉంటే చూడటానికి బిగిసినట్టే, సిగ్నల్‌కి మాత్రం తెగిపోయినట్టే. యాంటెన్నా లేకుండా మాత్రం పంపవద్దు, పవర్ యాంప్లిఫయర్ దెబ్బతినొచ్చు. బల్ల మీద పరీక్షించేటప్పుడు పూర్తి పవరూ వద్దు. అడుగు దూరంలో 20 డీబీఎం పడితే రిసీవర్ నోరు మూతపడి ప్యాకెట్లు చెడిపోతాయి.

అన్నీ సరిచేశాక మిగిలేది గాలి. గది ఉష్ణోగ్రతలో ప్రతి హెర్ట్జ్‌లోనూ మైనస్ 174 డీబీఎం వేడి రొద సహజంగా ఉంటుంది. 125 కిలోహెర్ట్జ్ వెడల్పుకి అది మైనస్ 123, రిసీవర్ తన వంతుగా సుమారు 6 డీబీ కలుపుతుంది, కాబట్టి రొద మట్టం మైనస్ 117 దగ్గర. మామూలు రేడియో ఆ మట్టం కింద ఏమీ వినలేదు. లోరా ఒక్కో సింబల్‌ని బ్యాండంతా పాకే స్వరంగా సాగదీస్తుంది కాబట్టి ఫ్యాక్టర్ 7 దగ్గర రొద కంటే 7.5 డీబీ కిందా, 12 దగ్గర 20 డీబీ కిందా వినగలదు. దానికి చెల్లించేది సమయం. పది బైట్ల ప్యాకెట్ ఫ్యాక్టర్ 7తో 41 మిల్లీసెకన్లలో పోతే, 12తో దాదాపు ఒక సెకను పడుతుంది. బోరు నీటిమట్టానికి 9 దగ్గర ఆగడం నయం.

అందుకే ఆర్ఎస్ఎస్ఐ (అందిన సిగ్నల్ బలం) ఒక్కటే చూస్తే చాలదు, పక్కన ఎస్ఎన్ఆర్ (రొదతో పోలిస్తే సిగ్నల్ ఎంతో చెప్పే అంకె) కూడా అచ్చు వేయించండి. ఆర్ఎస్ఎస్ఐ మైనస్ 115, ఎస్ఎన్ఆర్ మైనస్ 5 అయితే సిగ్నల్ నిజంగానే బలహీనం. ఆర్ఎస్ఎస్ఐ మైనస్ 85 ఉండి ఎస్ఎన్ఆర్ సున్నా చుట్టూ ఊగుతుంటే సిగ్నల్‌కి లోటు లేదు, పక్కన ఏదో గోల చేస్తోంది. ముందు అనుమానించాల్సింది చవక అడాప్టరునీ, స్విచ్చింగ్ కన్వర్టరునీ. మాడ్యూల్‌ని బ్యాటరీతో నడిపి చూస్తే తేలిపోతుంది.

చివరిది ఎత్తు. 866 దగ్గర రెండు కిలోమీటర్ల దారికి మధ్యలో ఫ్రెనెల్ జోన్ (రెండు యాంటెన్నాలను కలిపే చూపు గీత చుట్టూ సిగ్నల్ పరుచుకునే చోటు) వ్యాసార్థం 13 మీటర్లు. అందులో కనీసం అరవై శాతం, అంటే 8 మీటర్లు, చూపు గీత కింద ఖాళీ ఉండాలి. డాబా మీద యాంటెన్నా 10 మీటర్ల ఎత్తున ఉండి బోరు దగ్గరిది స్టార్టర్ పెట్టె మీద 1 మీటరులో ఉంటే మధ్యలో గీత ఎత్తు ఐదున్నర మీటర్లే. చదును నేల మీదే చాలదు, ఇక మామిడితోట అడ్డుంటే చెప్పక్కర్లేదు. బోరు వైపు 6 మీటర్ల జీఐ పైపు నిలబెడితే గీత 8 మీటర్లకు చేరుతుంది. మాడ్యూల్‌ని పైపు కొసనే చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, కిందికి కరెంటు, డేటా వైర్లు మాత్రం దించండి. పొడవాటి సన్న కోయాక్స్ (యాంటెన్నా కేబుల్) వేస్తే పైకెక్కి సంపాదించినది కేబుల్‌లోనే పోతుంది.