ప్రొఫేటిస్: సభలో పలికిన స్త్రీయా, ఇంట్లో జోస్యం చెప్పిన స్త్రీయా?

సంఘంలో స్త్రీలు బోధించవచ్చునా అన్న తగాదా అమెరికాలోని ప్రొటెస్టంట్ చర్చిల పెద్ద కూటమి సదరన్ బాప్టిస్ట్ కన్వెన్షన్‌లో 2023 నుంచి మళ్లీ రగులుతోంది. మహిళను పాస్టరుగా నియమించినందుకు సాడిల్‌బ్యాక్ చర్చిని ఆ ఏడాది వెలివేశారు. మహిళా పాస్టర్ల నిషేధాన్ని నియమావళిలోనే చేర్చాలన్న సవరణకు 2024 జూన్‌లో 61 శాతం ఓట్లు పడినా, కావలసిన మూడింట రెండు వంతులు రాలేదు. ఇలాంటి వాదం నడిచిన చోటల్లా ‘ప్రొఫేటిస్’ అనే గ్రీకు మాట బయటికి వస్తుంది.

ఇది ‘ప్రొఫేటేస్’కు (ప్రవక్తకు) స్త్రీలింగ రూపం. డెల్ఫీలో అపోలో వాక్కు పలికిన పూజారిణిని ప్లేటో ఈ పేరుతోనే పిలిచాడు. దేవుని తరఫున పైకి పలికే స్త్రీ అన్నది అసలు అర్థం. జరగబోయేది చెప్పడం అందులో ఒక భాగం మాత్రమే. (మన ‘ప్రవచనం’ కూడా అంతే: పురాణం చెప్పినా ప్రవచనమే, బైబిలు ప్రవక్త యెషయా పలికినా ప్రవచనమే.) పాత నిబంధన గ్రీకు అనువాదంలో మిర్యాము, దెబోరా, హుల్దా ముగ్గురూ ప్రొఫేటిస్‌లే. కొత్త నిబంధనలో ఈ మాట రెండేసార్లు వస్తుంది: లూకా 2:36లో ‘అన్న’ అనే వృద్ధురాలికి, ప్రకటన 2:20లో తాను ప్రవక్త్రినని చెప్పుకునే యెజెబెలుకు. తెలుగు బైబిలు రెండుచోట్లా ‘ప్రవక్త్రి’ అనే అంటుంది.

మాట అర్థం ఇరుకైంది నిఘంటువుల్లో కాదు, నేటి టర్కీలోని ఫ్రుగియ ప్రాంతంలో. 2వ శతాబ్దంలో అక్కడ కొత్త ప్రవచన ఉద్యమం లేపిన మొంటానస్‌తో పాటు ప్రిస్కిల్లా, మాక్సిమిల్లా అనే ఇద్దరు స్త్రీలు పరవశులై ప్రవచించారు. వారిని ఖండించిన తొలి రచయితల్లో ఒకరి మాటలను చర్చి చరిత్రకారుడు యూసేబియస్ భద్రపరిచాడు. స్త్రీ కనుక ప్రవచించరాదని ఆ రచయిత అనలేదు. ఒళ్లు తెలియని పరవశంలో పలకడాన్నే తప్పుపట్టాడు. పైగా నిజమైన ప్రవక్తల వరుసలో కొత్త నిబంధనలో ప్రవచించినట్టు కనిపించే ఫిలిప్పు కుమార్తెలనూ, ఫిలదెల్ఫియకు చెందిన అమ్మియానూ చేర్చాడు.

3వ శతాబ్దానికి వాదం మారింది. మొంటానస్ ఉద్యమానికి జవాబిస్తూ క్రైస్తవ పండితుడు ఓరిగెన్, స్త్రీలు ప్రవచించిన మాట నిజమే కానీ సభలో మాట్లాడలేదని, హుల్దా సైతం తన దగ్గరికి వచ్చిన మనిషితోనే పలికిందని రాశాడు. ప్రవచనం వేరు, అధికారంతో బోధించడం వేరు అని 1 తిమోతి 2:12ను (స్త్రీ బోధించకూడదనే వచనాన్ని) చూపించి మహిళా పాస్టర్లను వద్దనే నేటి పక్షం వాదన దీనికి దగ్గరిదే.

అయితే హుల్దా ఇంటికి వెళ్లినది యాజకుడైన హిల్కీయాతో సహా ఐదుగురు రాజదూతలు. ఆమె మాట విన్నాకే రాజైన యోషీయా ప్రజలందరినీ సమకూర్చి ఒడంబడిక గ్రంథం చదివి వినిపించాడు. ఇక లూకా చెప్పిన ‘అన్న’ అనే వృద్ధురాలి విషయానికి వస్తే, యెరూషలేము విమోచన కోసం ఎదురుచూస్తున్న వారందరితోనూ ఆమె బాలుడైన యేసును గూర్చి మాట్లాడిందని లూకా రెండు వచనాల తర్వాతే చెబుతాడు. ఆ మాటలు ఆమె పలికినది ఇంట్లో కాదు, దేవాలయంలో.