తెర మీది వంకాయ, చేతిలోని వంకాయ

బెంగళూరు మారతహళ్లిలో మా ఫ్లాట్‌లో, టీవీలో వంకాయ కనబడగానే మా మూడేళ్ల పాప "పర్పుల్" అంది. మా అమ్మ వంటింట్లోంచి ఒక వంకాయ తెచ్చి దాని చేతిలో పెట్టింది. "ఇది తొడిమ. ముల్లుంటుంది, మెల్లిగా పట్టుకో." సాయంత్రం పాప టమాటా తిప్పి చూసి, "అమ్మమ్మా, తొడిమ!" అంది.

టీవీతో పసిపిల్లలకు మాటలు నేర్పవచ్చా అన్నది పాత ప్రశ్నే. పేదింటి పిల్లలు బడిలో చేరకముందే వెనకబడుతున్నారన్న ఆలోచనతో జోన్ గాంజ్ కూనీ, లాయిడ్ మోరిసెట్ అమెరికాలో 'సెసమీ స్ట్రీట్' అనే పిల్లల టీవీ కార్యక్రమం తలపెట్టారు. అది 1969 నవంబరు 10న మొదలైంది. మూడు నుంచి అయిదేళ్ల మధ్య దాన్ని చూసిన పిల్లలకు ఎక్కువ మాటలు వచ్చాయని 1990లో పరిశోధకురాలు మేబెల్ రైస్ బృందం చెప్పింది.

మన దేశంలో 1975 ఆగస్టు 1న, ఉపగ్రహం ద్వారా ఊళ్లకు టీవీ పాఠాలు పంపే 'సైట్' ప్రయోగం మొదలైంది. నాసా వారి ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 ఊళ్లకు ప్రసారాలు వెళ్లాయి. ఉదయం పూట బడిపిల్లలకు పాఠాలు. నాలుగు భాషల్లో తెలుగు, కన్నడ కూడా ఉన్నాయి. ఒకే బొమ్మకు రెండు భాషల మాటలు పంపే వీలు ఆ ఉపగ్రహంలో ఉండేది. లిఫ్టులో కన్నడ, ప్లేస్కూల్లో ఇంగ్లిష్, ఇంట్లో తెలుగు వినే మా పాపలాంటి పిల్లలకు అలాంటిదే కావాలి. ఆ ప్రయోగం ఏడాదికే ముగిసింది.

2006లో 'సెసమీ స్ట్రీట్'కు హిందీ రూపంగా 'గలీ గలీ సిమ్ సిమ్' వచ్చింది. తెలుగు పిల్లలకు 2009లో ఖుషీ టీవీ చానల్ వచ్చింది కానీ, అందులో ఎక్కువగా డబ్బింగ్ కార్టూన్లే. పిల్లలు నవ్వుకోవడానికి అవి బాగానే ఉంటాయి. మాట నేర్పాలంటే మాత్రం దాన్ని మళ్లీ మళ్లీ పలకాలి, అర్థం అక్కడే చూపించాలి, పిల్ల జవాబు చెప్పేదాకా ఆగాలి. పరుగులు తీసే కార్టూన్‌లో ఆ తీరిక ఉండదు.

మరీ పసివాళ్లకు ఆ తీరిక ఉన్నా చాలదు. 2003లో పరిశోధకురాలు ప్యాట్రిషియా కూల్ బృందం తొమ్మిది నెలల అమెరికన్ పిల్లలకు చైనా మాండరిన్ వినిపించింది. ఎదురుగా మనిషి కూర్చుని ఆడిస్తూ మాట్లాడితే ఆ భాష ధ్వనుల తేడా పట్టుకున్నారు. అదే వీడియోలో చూపిస్తే పట్టుకోలేదు. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజుకు గంట మించి తెర వద్దని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది.

మా ఇంట్లో ఇప్పుడు అరగంటే. రిమోట్ అమ్మ దగ్గర ఉంటుంది. ఆవు కనబడగానే ఆపేస్తుంది.

"పక్కన ఏముంది తల్లీ?"

"బేబీ కౌ."

"దూడ."

పాప "దూడ" అనేదాకా బొమ్మ కదలదు.