పంచేంద్రియాల లిస్టులో లేనిది

బెంగళూరు మారతహళ్లిలో మా అద్దె ఇంట్లో, ఆదివారం భోజనాల దగ్గర మా అక్క కొడుకు ఒక ప్రశ్న వేశాడు. “మామయ్యా, పంచేంద్రియాల్లో ఒకటి వదిలేసుకోవాల్సి వస్తే ఏది వదిలేస్తావు?” కళ్ల జోలికి ఎవరూ పోలేదు. “సర్వేంద్రియాణాం నయనం ప్రధానం” అని అమ్మ తేల్చేసింది. చివరికి అందరం కలిసి ముక్కుని బలిచ్చాం.

ముక్కు ఊరుకుంటుందా? ఆ వారమే నాకు జలుబు పట్టుకుంది. ముద్దపప్పులో నెయ్యి వేసుకుని, ఆవకాయ కలుపుకుని నోట్లో పెట్టుకుంటే తడిపిన అట్టముక్కలా ఉంది. నాలుకకు తెలిసేవి తీపి, ఉప్పు, పులుపు, చేదు, ఉమామి (మాంసం, పుట్టగొడుగుల్లో ఉండే రుచి), అంతే. నెయ్యి కమ్మదనం, ఇంగువ ఘుమఘుమ లాంటివన్నీ నమిలేటప్పుడు గొంతు వెనక నుంచి ముక్కులోకి ఎక్కే వాసనలు. వాటిని పట్టుకోవడానికి అక్కడ దాదాపు 400 రకాల గ్రాహకాలు (రిసెప్టర్లు) ఉన్నాయి. ఆ దారి మూసుకుపోతే ఏ పప్పయినా ఒకటే.

కారం మాత్రం తగ్గలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎందుకంటే కారం రుచీ కాదు, వాసనా కాదు. సుమారు 43 డిగ్రీలు దాటిన వేడికి స్పందించే గ్రాహకం ఒకటి నరాల కొసల్లో ఉంటుంది. మిరపకాయలోని క్యాప్సైసిన్ దాన్నే తట్టి లేపుతుంది. నోరు కాలుతోందని మెదడుకు కబురు వెళుతుంది. మనవాళ్లు దాన్ని ‘మంట’ అనడం ఎంత సరైన మాటో! శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం 1997లో ఈ గ్రాహకాన్ని పట్టుకుంది. అందుకు ఆయనకు 2021లో నోబెల్ వచ్చింది.

ఆ బహుమతి పంచుకున్న ఆర్డెమ్ పటపూటియన్ సంగతి నాకు ఇంకా ఆసక్తి. నొక్కితే, సాగదీస్తే స్పందించే పీజో గ్రాహకాలను కనిపెట్టారాయన. వాటిలో పీజో2 స్పర్శకే కాదు, మన కాళ్లూ చేతులూ ఎక్కడున్నాయో చూడకుండానే తెలియడానికి కూడా కావాలి. ఈ జ్ఞానానికి బ్రిటిష్ శాస్త్రవేత్త షెరింగ్టన్ 1906లోనే ప్రొప్రియోసెప్షన్ అని పేరు పెట్టాడు. పంచేంద్రియాల లిస్టులో ఇది లేదు కాబట్టి మా ఓటింగ్‌లో దీని ఊసే రాలేదు.

ఇది పోతే ఏమవుతుందో బ్రిటన్‌కు చెందిన ఇయాన్ వాటర్‌మన్ అనుభవించాడు. 1971లో, 19 ఏళ్ల వయసులో, వైరల్ జ్వరం తర్వాత ఆయనకు మెడ కింద స్పర్శా, ఈ జ్ఞానమూ రెండూ పోయాయి. కండరాల్లో బలం ఉంది, కానీ లేచి కూర్చోలేడు. ఏ కాలు కదపాలన్నా దానివైపే చూస్తూ కదపడం నెలల తరబడి సాధన చేసి, మళ్లీ నడిచాడు. అయితే లైటు పోతే కుప్పకూలిపోయేవాడు.

మొన్న రాత్రి మా వీధిలో కరెంటు పోయింది. ఫోన్ ఇంట్లోనే వదిలేసి, చీకట్లో మూడంతస్తుల మెట్లు కబుర్లు చెప్పుకుంటూ దిగేశాం. ఆఖరున ఇంకో మెట్టుందనుకుని కాలు వేశాను. నేల ముందే తగిలి ఒళ్లంతా జివ్వుమంది.

“ఏమైంది మామయ్యా?”

“లేని మెట్టు దిగాన్రా.”