మూడు చక్కెరల అడ్డు

మా మేనకోడలికి తలసీమియా, ఒంట్లో రక్తం సరిగా తయారుకాని జబ్బు. మూడు వారాలకోసారి అక్క నెల్లూరులో పినాకిని రైలు ఎక్కించి పాపను చెన్నై తీసుకొస్తుంది. ఆ రాత్రికి మా ఇంట్లోనే ఉండి, మర్నాడు రక్తం ఎక్కించుకుని వెళ్తారు. రోహిణి కార్తె వచ్చిందంటే నాకు టెన్షన్ మొదలవుతుంది. కాలేజీలకు సెలవులు, శిబిరాలు తగ్గిపోతాయి, బ్లడ్ బ్యాంకు ఫ్రిజ్‌లు ఖాళీ అవుతాయి. ఫ్రిజ్‌లో ఎంత జాగ్రత్తగా దాచినా ఎర్రకణాలు 42 రోజులకు మించి నిలవవు. జనవరిలో ఇచ్చింది మేకి పనికిరాదు.

అందుకే మనుషులకు ఎక్కించడానికి జన్యువులు మార్చిన పంది రక్తం గురించి ఎక్కడ కనబడినా వదలకుండా చదువుతాను.

ఒకసారి దాత రక్తం పాపకు సరిపోతుందో లేదో చూసే క్రాస్ మ్యాచ్ చేస్తుంటే పక్కనే నిలబడి చూశాను. చిటికెన వేలంత గాజు ట్యూబులో పాప సీరం (రక్తంలో కణాలు తీసేస్తే మిగిలే ద్రవం), దాత ఎర్రకణాలు చుక్కలుగా వేశారు. మెషీన్‌లో గిర్రున తిప్పి, వెలుతురుకు పట్టుకుని మెల్లగా తట్టారు. అడుగున అంటుకున్న ఎర్రటి బొట్టు పొగలా లేచి నీళ్లలో కలిసిపోయింది. "సరిపోయిందండీ" అంది టెక్నీషియన్. సరిపోకపోతే విరిగిన పాలలా తునకలు తునకలుగా మిగిలిపోతుందట.

మామూలు పంది కణాలు అలాగే విరుగుతాయి. కారణం, వాటి పైపొర మీదున్న ఆల్ఫా-గాల్ అనే చక్కెర. దాన్ని తయారుచేసే జన్యువు మన పూర్వీకుల్లో రెండు మూడు కోట్ల ఏళ్ల కిందటే పనిచేయడం మానేసింది. కానీ మన పేగుల్లోని కొన్ని బ్యాక్టీరియాల మీద అలాంటి చక్కెరే ఉంటుంది. వాటిని చూసి పసితనంలోనే మన ఒళ్లు యాంటీబాడీలు తయారుచేసి పెట్టుకుంటుంది. పందిని ఎన్నడూ ముట్టని వాళ్లలోనూ అవి ఉంటాయి. ఇలాంటి అడ్డు చక్కెరలు ముఖ్యంగా మూడున్నాయి. ఆ మూడింటి జన్యువులనూ తీసేసిన పందుల్ని ఇప్పటికే పుట్టించారు. వాటి కణాలను మనుషుల సీరంతో కలిపితే యాంటీబాడీలు అంటుకోవడం బాగా తగ్గింది.

చిక్కంతా కోతుల దగ్గర వచ్చింది. ఆ మూడు చక్కెరల్లో ఒకటి మనకు లేదు గానీ బబూన్ అనే కోతికి ఉంది. దాన్ని తీసేస్తే పంది కణం మీద బబూన్‌కు కొత్తదేదో బయటపడి, దాని యాంటీబాడీలు దాడి చేస్తాయి. మనకు బాగా సరిపోయేలా మార్చిన కణమే కోతికి సరిపడదన్నమాట. మనుషులకు ఇచ్చే ముందు ఏ జంతువులో పరీక్షించాలి మరి? నా దృష్టిలో అసలు కష్టం ఇదే.

ట్యూబులో కలిసినంత మాత్రాన ఒంట్లో నిలుస్తాయనీ లేదు. మన ఎర్రకణాల మీద సీడీ47 అనే ప్రోటీన్ ఉంటుంది. "నేను మనవాణ్నే, తినకు" అని రక్షక కణాలకు చెప్పే గుర్తు అది. పంది గుర్తును మన కణాలు సరిగా పోల్చుకోలేవు. అందుకే మనిషి సీడీ47 జన్యువును పందిలో పెట్టే ప్రయత్నాలు జరిగాయి. ఒక విషయంలో మాత్రం గుండె, కిడ్నీల కంటే ఇది నయం. ఎర్రకణంలో డీఎన్‌ఏ దాచుకునే కేంద్రకమే ఉండదు కాబట్టి, పంది డీఎన్‌ఏలో దాగి ఉండే రెట్రోవైరస్‌ల భయం తక్కువ.

"పంది రక్తమా!" అంది అక్క మొదటిసారి చెప్పినప్పుడు. డయాలసిస్‌లో రక్తం గడ్డకట్టకుండా వాడే హెపారిన్ పంది పేగుల నుంచే వస్తుందని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మన పాపకు పనికొస్తుందా?" అని అడిగింది.

రాదనే అనుకుంటున్నాను. మూడు వారాలకోసారి ఎక్కిస్తే, మిగిలిన చిన్న చిన్న తేడాలను కూడా ఒళ్లు గుర్తుపట్టడం నేర్చుకుంటుంది. పంది రక్తం ఎప్పటికైనా వాడకంలోకి వస్తే ముందు పనికొచ్చేది హైవే మీద యాక్సిడెంటై రక్తం కారిపోతున్న మనిషికి, మనిషి రక్తం అందేదాకా ప్రాణం నిలపడానికి. అతనికి వాడాల్సిన నాలుగైదు ప్యాకెట్లు అప్పుడు ఫ్రిజ్‌లో మిగులుతాయి. అక్కకు అదే చెప్పాను. "వాటిలో ఒకటి మనకిస్తే చాల్లేరా" అంది.