తండా బడికి ఎంతమంది టీచర్లు? అపోహలు - వాస్తవాలు

ములుగు వైపు గూడేల్లో, తండాల్లో ప్రాథమిక బడుల గురించి మాట్లాడేవాళ్లు టీచర్ పోస్టుల లెక్కను చాలాసార్లు తప్పుగా చెబుతుంటారు. ఎస్‌జీటీగా, అంటే ప్రాథమిక బడి టీచరుగా, రోజూ ఆ లెక్కలోనే బతుకుతున్నాను కాబట్టి రాస్తున్నాను.

అపోహ: 30 మందికి ఒక టీచర్ అన్నారు, 28 మంది ఉన్న బడికి ఒక్కరు చాలు.

వాస్తవం: చాలరు. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం ఒకటి నుంచి ఐదు తరగతుల బడిలో 60 మంది వరకు ఇద్దరు టీచర్లుండాలి. 61 నుంచి 90 దాకా ముగ్గురు, 120 దాకా నలుగురు. 150 దాటితే ఐదుగురితో పాటు హెచ్‌ఎం. కానీ మన దగ్గర రేషనలైజేషన్‌లో, అంటే పిల్లల సంఖ్యను బట్టి పోస్టులు సర్దేటప్పుడు, మరీ తక్కువ మంది ఉన్న బడికి ఒక్క పోస్టే మిగులుతోంది.

పిల్లలు పన్నెండు మందే కావచ్చు, తరగతులు మాత్రం ఐదు. ఒకటి, రెండు తరగతులకు తెలుగు, ఇంగ్లిష్, గణితం. మూడు నుంచి పరిసరాల విజ్ఞానం కలుస్తుంది. మొత్తం 18 సబ్జెక్టులు, చెప్పేది ఒక్కరే. మధ్యాహ్న భోజనం లెక్కలు, యూడైస్‌లో బడి వివరాల ఎంట్రీలు కూడా ఆయనవే. మండల మీటింగుకు పోతే ఆ రోజు చదువు ఆగినట్టే. తలలు లెక్కపెట్టి పోస్టులిస్తే ఈ పనేదీ లెక్కలోకి రాదు. ఎంత చిన్న బడికైనా ఇద్దరికి తగ్గకూడదని గట్టిగా అంటాను.

అపోహ: గిరిజన, పేద పిల్లల బడులకు అదనంగా టీచర్లను ఇస్తారు.

వాస్తవం: షెడ్యూలు చూసేది పిల్లల సంఖ్య ఒక్కటే. ఇంట్లో కోయ, లంబాడీ మాట్లాడే పిల్లవాడు ఒకటో తరగతిలో తెలుగు కొత్తగా నేర్చుకోవాలి. మిర్చి ఏరే రోజుల్లో అమ్మానాన్నలు చేలల్లోనే ఉంటారు, ఇంటి దగ్గర చదివించేవాళ్లుండరు. ఎక్కువ సమయం కావాల్సిన ఈ పిల్లలకే సగం సమయం దొరకడం అన్యాయం.

అపోహ: జిల్లా సగటు బాగుంది కదా, కొరత ఎక్కడుంది?

వాస్తవం: పిల్లలు, టీచర్ల నిష్పత్తి ప్రతి బడిలోనూ ఉండాలని అదే చట్టం సెక్షన్ 25 చెబుతోంది. ఖాళీలు మంజూరైన పోస్టుల్లో 10 శాతం దాటొద్దని సెక్షన్ 26. బదిలీల్లో మాత్రం హనుమకొండకు దగ్గరగా ఉన్న బడులు ముందు నిండుతాయి. అక్కడ హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) ఎక్కువ, బస్సులున్నాయి, సొంత పిల్లల చదువుంటుంది, టీచర్లను తప్పుపట్టను. లోపలి మండలాల్లో పోస్టు కాగితం మీద ఉంటుంది, మనిషి ఉండరు. అప్పుడు పని సర్దుబాటు పేరుతో ఇంకో చిన్న బడి నుంచి ఒకరిని తీస్తారు, కొరత అక్కడికి పోతుంది.

అపోహ: డీఎస్సీ (టీచర్ల నియామక పరీక్ష) వేస్తే అన్నీ సర్దుకుంటాయి.

వాస్తవం: 2024 డీఎస్సీ 11,062 పోస్టులకు వేశారు, మంచిదే. అయితే డీఎస్సీ నింపేది ఉన్న ఖాళీలనే. ఒక్క పోస్టే మంజూరైన బడికి రెండోది రాదు.

అపోహ: పిల్లలు తగ్గారు కాబట్టే టీచర్లు తగ్గారు.

వాస్తవం: తిరగేసినా నిజమే. పిల్లలను బడిలో చేర్పించే బడిబాటలో ఇంటింటికీ పోతే తల్లులు ముందు అడిగేది “సార్లెంతమంది?” అని. ఒక్కరే అంటే పిల్లలను ప్రైవేటు బడి వ్యాను ఎక్కిస్తారు. తర్వాతి రేషనలైజేషన్‌కు ఆ సంఖ్యే లెక్కవుతుంది.