కూయని కోడి

హైదరాబాద్

చిన్నూ, బుజ్జీ,

మొన్న ఆదివారం మల్కాజిగిరిలో చికెన్ షాపు ముందు నిలబడ్డప్పుడు చిన్నూ అడిగాడు గుర్తుందా? "తాతయ్యా, ఇంత పెద్ద కోడి చిన్నపిల్లలా కిచకిచమంటుందేం?" అప్పుడే షాపతను "స్కిన్‌లెస్సా, విత్ స్కినా" అనడంతో ఆ మాట దాటేశాను. ఇప్పుడు చెప్తాను.

అది నిజంగా పిల్లేరా. బ్రాయిలర్ షాపుకొచ్చేసరికి దాని వయసు ఐదారు వారాలు, బరువు మాత్రం రెండు కిలోలు. మా ఊళ్లో ఆ వయసు నాటుకోడి పిల్ల ఇంకా తల్లి వెనకే తిరిగేది, అరకిలో కూడా తూగేది కాదు. పుంజు గట్టిగా కూయాలంటే నెలలు పడుతుంది. అంతవరకు దీన్ని ఎవరు ఉంచుతారు?

ఇంజెక్షన్లు పొడిచి పెంచుతారని మీ నానమ్మ అంటుంది. అది తప్పు (నేనన్నానని ఆవిడతో చెప్పకండి). తొందరగా బరువెక్కే కోళ్లనే తరతరాలుగా ఏరి జత కట్టించారు. కెనడాలో 1957 నాటి రకాన్నీ 2005 నాటి రకాన్నీ ఒకే మేత మీద పెంచి చూస్తే, 56 రోజులకు పాతది 900 గ్రాముల దగ్గర ఆగింది, కొత్తది 4 కిలోలు దాటింది. కండ అంత జోరుగా పెరిగితే కాళ్లు, గుండె తట్టుకోవద్దూ? కొన్ని నడవలేక కూలబడిపోతాయి. కింద పరిచిన వరిపొట్టు రెట్టతో తడిస్తే ఆ ఘాటుకు కళ్లు మండుతాయి, పాదాలు పుండ్లు పడతాయి.

వీటిని కనే తల్లికోళ్ల సంగతి మరీ కష్టం. తొందరగా బరువెక్కే రకం కదా, వాటికీ ఆ పెద్ద ఆకలి పుట్టుకతో వచ్చింది. కడుపునిండా పెడితే ఒళ్లొచ్చి గుడ్లు సరిగా పెట్టవని మేత కొలిచి, తగ్గించి వేస్తారు. అంటే పెరిగే వయసంతా ఆకలే. ఇది తెలిసిన రోజు నాకు అన్నం సయించలేదు.

రైతును తిట్టుకోకండి. చాలాచోట్ల పిల్లల్నీ మేతనీ కంపెనీయే ఇస్తుంది, రైతుకు కిలోకింతని పెంపకం కూలి ముడుతుంది. ఏ రకం పెంచాలో అతని చేతిలో లేదు.

ఒక జంతువు చూస్తుండగా ఇంకోదాన్ని కోయకూడదని 2001 నాటి కబేళా నిబంధనల్లో ఉంది. షాపులో కోళ్లుంచే జాలీకీ కత్తికీ మధ్య ఎంత దూరముందో మీరే చూశారు.

చికెన్ మానెయ్యమని మీకు చెప్పే మొహం నాకు లేదు, నేనే పూర్తిగా మానలేదు. కోళ్లకు చెమట పట్టదు, ఈ ఎండలకు నోరు తెరిచి రొప్పుతాయి. నిన్న అటు వెళ్తూ జాలీలో కాసిని నీళ్లు పెట్టమన్నాను. "సాయంత్రం దాకా ఉంటయా సార్ ఇవి" అన్నాడు షాపతను. అంటూనే డబ్బాలో నీళ్లు పోసి పెట్టాడు. మూల ఉన్న కోడి లేవలేక కూర్చునే మెడ చాచింది. అందలేదు. అతను డబ్బాను కాస్త దాని దగ్గరికి జరిపాడు.

మీ తాతయ్య