నిల్వ లేని సుంకేసుల: కేసీ కాలువ గొడవకు మూలం ఎక్కడ?

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్‌లో 19వ గేటు కొట్టుకుపోయినప్పటి నుంచి కర్నూలు-కడప (కేసీ) కాలువ రైతుకు టెన్షన్ తప్పడం లేదు. మొత్తం 33 గేట్లూ మార్చాల్సి రావడంతో 2025లో డ్యామ్ నిల్వను 80 టీఎంసీలకే పరిమితం చేశారు. పైన నిల్వ తగ్గిందంటే కింద ఈ కాలువ మొదలయ్యే సుంకేసులకు నీళ్లు వస్తాయా రావా అన్న అనుమానం మొదలైనట్టే. గుండ్రేవుల రిజర్వాయర్ డిమాండు, ఆర్డీఎస్ (రాజోలిబండ మళ్లింపు పథకం) వాటాల పంచాయితీ మళ్లీ ముందుకొచ్చింది అందుకే.

కాటన్ దొర, కాలువ తవ్విన మద్రాసు ఇరిగేషన్ కంపెనీ, లండన్ వాటాదారులకు 5 శాతం వడ్డీ గ్యారంటీ, చివరికి నష్టాలతో 1882లో కాలువను సర్కారే కొనుక్కోవడం... ఈ కథ కర్నూలు, కడప వాళ్లకు కొత్త కాదు. ఇప్పటి గొడవకు పనికొచ్చే ముక్క అందులో ఒక్కటే ఉంది. 1860ల్లో ఈ కాలువ తలపెట్టినవాళ్ల మనసులో సాగు ఎంత ఉందో సరుకు పడవలూ అంతే ఉన్నాయి. తుంగభద్రను పెన్నాతో కలిపి సముద్రం దాకా జలమార్గం వేయాలన్నది వాళ్ల ఆలోచన. అందుకే మిట్టకందాల దగ్గర మిట్టను లోతుగా తవ్వి కృష్ణాలో కలవాల్సిన తుంగభద్ర నీళ్లను పెన్నా వైపు దాటించారు. కర్నూలు ఊళ్లో ఇప్పటికీ ఆ పనితనం కనిపిస్తుంది. కింద హంద్రీ, దాని మీదుగా కట్టిన వంతెనలో కాలువ. ఏరు ఎండిన నెలల్లో కూడా పైన కాలువ నిండుగా పారుతుంటే చూసినవాళ్లు ఆగిపోతారు.

అంత తవ్వినవాళ్లు సుంకేసుల దగ్గర మాత్రం నీళ్లు దాచుకునే ఏర్పాటు చేయలేదు. కట్టింది ఆనకట్ట. నదిలో పారే నీళ్లను కాలువలోకి మళ్లిస్తుంది, అంతే. ఆ రోజుల్లో అది తప్పు కాదు. పైన అంత నీటిని పట్టి ఉంచే డ్యామ్ ఏదీ లేదు, నది తన లెక్కన తను వచ్చేది. పడవలు పోయి సాగు ఒక్కటే మిగిలాక కూడా అదే లెక్క నడిచింది.

అది తిరగబడింది 1953లో. హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యామ్ నిండడం మొదలయ్యాక సుంకేసులకు వచ్చేది నది కాదు, పైవాళ్లు వదిలినదీ వాళ్లకు పట్టనిదీ. నా దృష్టిలో ఇవాళ్టి తగాదాలన్నీ ఇక్కడే పుట్టాయి. కృష్ణా నీళ్లను రాష్ట్రాలకు పంచిన బచావత్ ట్రైబ్యునల్ పాత వాడకాన్ని గౌరవించి కేసీకి 39.9 టీఎంసీలు రాసింది. అందులో 10 డ్యామ్ నుంచి రావాలి, మిగతా 29.9 నదీ ప్రవాహంలో పట్టుకోవాలి. కానీ వరద వచ్చినప్పుడు పట్టుకునే చోటు లేదు, వరికి తడి కావాల్సినప్పుడు నదిలో నీళ్లుండవు. పాత ఆనకట్ట స్థానంలో వచ్చిన బ్యారేజీ నిల్వ దాదాపు 1.2 టీఎంసీలు. 3,000 క్యూసెక్కుల చొప్పున వదిలితే అయిదు రోజులకు కూడా రావు. అంతటి నిల్వను నమ్ముకుని రెండున్నర లక్షల ఎకరాలకు పైగా ఆయకట్టు ఉంది.

డ్యామ్ నుంచి రావాల్సిన ఆ 10 టీఎంసీలను కూడా తర్వాత అనంతపురం వైపు, పెన్న అహోబిలం రిజర్వాయరుకు మళ్లించారు. బదులుగా శ్రీశైలం వెనక జలాలు ఇస్తామన్నారు. అనంతపురం దాహం అబద్ధం కాదు. కానీ పై నుంచి దిగే నీళ్లకు బదులు కింద నుంచి ఎత్తిపోసే నీళ్లు ఇవ్వడం సమానమైన మార్పిడి ఎలా అవుతుందని సుంకేసుల కింది రైతు అడుగుతున్నాడు. దానికి సరైన జవాబు ఎవరూ ఇవ్వలేదు.

తెలంగాణ వాదనా ఉంది. సుంకేసులకు ఎగువన రాజోలిబండ ఆనకట్ట నుంచి 15.9 టీఎంసీలతో 87,500 ఎకరాలు తడవాలి, గద్వాల, ఆలంపూర్ పొలాలకు ఏనాడూ అది పూర్తిగా అందలేదు. ఆ ఆనకట్ట ఎత్తు పెంచే పని కర్నూలు రైతుల అభ్యంతరంతో ఆగింది. ఇప్పుడు ఆ లోటు పూడ్చడానికి తెలంగాణ తుమ్మిళ్ల లిఫ్టు సుంకేసుల వెనక జలాల నుంచే నడుస్తోంది.

గుండ్రేవుల దగ్గర 20 టీఎంసీల రిజర్వాయర్ కడితే ఈ లోటు తీరుతుందన్నది కర్నూలు రైతుల పాత కోరిక. 2019లో పాలనా అనుమతి వచ్చింది, పని మొదలు కాలేదు. అక్కడ నదికి అవతలి గట్టు తెలంగాణది, ముంపు వాళ్ల ఊళ్లకూ ఉంటుంది కాబట్టి వాళ్లు ఒప్పుకోకుండా రాయి పడదు. శ్రీశైలం వెనక జలాలను ఎత్తిపోసే ముచ్చుమర్రి లిఫ్టు ఉందిగా అంటారు కొందరు. 2017 నుంచి అది నీళ్లు ఎత్తిపోస్తున్న మాట నిజమే. కానీ ఆ నీళ్లు కాలువలో కలిసేది నందికొట్కూరు వైపు వెళ్లాక. సుంకేసుల నుంచి అక్కడి దాకా ఉన్న పొలాలకు ఆ లిఫ్టు నుంచి చుక్క రాదు.